కింద పగులు, పైన మన ఇల్లు

(ఢిల్లీలో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినపుడు వద్దన్నాను. ప్రకాశం జిల్లాలో ఇంటర్ చదివి, 1988లో ఆర్మీలో చేరినవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళు ఇంజనీర్లలో, అంటే సాపర్స్‌లో, పనిచేసి 2018లో సుబేదారుగా పింఛను మీద వచ్చాను. నలుగురి ముందు నిలబడి మాట్లాడింది ఫాలిన్‌లో రిపోర్టు ఇవ్వడం వరకే. "అయితే భూకంపం గురించి చెప్పండి సాబ్, ఆ రోజు అందరం మంచాల మీంచి లేచి పరుగెత్తాం కదా" అన్నారాయన. సరేనన్నాను. నేను శాస్త్రవేత్తను కాను. కళ్ళతో చూసింది కొంత, తరువాత చదివి, అడిగి తెలుసుకున్నది కొంత చెబుతాను. నేను చేసిన తప్పు ఒకటుంది, అదీ దాచకుండా చెబుతాను.

2025 ఫిబ్రవరి 17, సోమవారం. తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలు. మీకందరికీ గుర్తుంటుంది. ఢిల్లీలో మనకు భూకంపాలు కొత్త కాదు. అఫ్ఘానిస్తాన్ హిందూకుష్ కొండల్లో వచ్చినా ఇక్కడ ఫ్యాను ఊగుతుంది, గ్లాసులో నీళ్ళు కదులుతాయి, కాస్త కళ్ళు తిరిగినట్టు ఉంటుంది. ఆ రోజు అలా లేదు. ముందు ఒక మోత. గూడ్సు బండి ఇంటి కిందనుంచి పోయినట్టు. వెంటనే ఒక్క కుదుపు. మా ఆవిడ "ఎవరో తలుపు బాదుతున్నారు" అని లేచింది. కొన్ని క్షణాల్లో అయిపోయింది.

తరువాత తెలిసింది. తీవ్రత 4. లోతు 5 కిలోమీటర్లే. కేంద్రం ఎక్కడో కాదు, ధౌలా కువా. పేపర్లలో గుర్తుగా చెప్పింది దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు మీదున్న కాలేజీ దగ్గర అని. రాజమండ్రిలో పుట్టిన మన దుర్గాబమ్మ గారు! మనలో సగం మంది రోజూ ఆ దారినే పోతాం. కంటోన్మెంటుకు, బేస్ హాస్పిటల్‌కు, క్యాంటీన్‌కు. అంత దగ్గర. అక్కడ చిన్న చిన్న అదురులు రెండు మూడేళ్ళకోసారి వస్తూనే ఉంటాయని, 2015లో 3.3 తీవ్రతతో ఒకటి వచ్చిందని అధికారులు చెప్పారు. మనకే తెలియదు.

ఎందుకొస్తాయంటే, భూమి లోపల రాయి ఒకే పలకగా లేదు. అక్కడక్కడ చీలి ఉంటుంది. ఆ చీలికను పుస్తకాల్లో భ్రంశం అంటారు, ఇంజనీర్లు ఫాల్టు అంటారు. నేను పగులు అంటాను, మనకు అదే అర్థమవుతుంది. పగులుకు అటూ ఇటూ ఉన్న రాళ్ళు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. మన దేశం ఉన్న పలక ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి పేరుకుని, ఓర్చుకోలేని చోట రాయి ఒక్కసారిగా జారుతుంది. అదే భూకంపం. ఢిల్లీ, చుట్టుపక్కల ఇలాంటివి ఒకటి రెండు కాదు. సోహ్నా ఫాల్టు, మథుర ఫాల్టు, మహేంద్రగఢ్–డెహ్రాడూన్ ఫాల్టు, ఢిల్లీ–హరిద్వార్ రిడ్జి అని పేర్లు పెట్టారు. గుర్గావ్ అవతల సోహ్నాలో వేడినీళ్ళ బుగ్గ ఉంది, స్నానాలకు వెళ్ళినవాళ్ళు ఇక్కడ కూడా ఉంటారు. ఆ నేల కింద పగులుందని అనుకుంటూ ఎవరు మునిగారు చెప్పండి!

నాలుగు తీవ్రతకు ఏమీ కాలేదు కదా అనొచ్చు. 1960 ఆగస్టు 27న ఇదే చోట, ఢిల్లీ కంటోన్మెంటుకూ గుర్గావ్‌కూ మధ్య, 6 తీవ్రతతో వచ్చింది. నాలుగుకీ ఆరుకీ తేడా రెండే కదా అనుకోకండి. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది. రెండంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. 1961 జనాభా లెక్కల్లో ఢిల్లీ మొత్తం 26 లక్షల పైచిలుకు. 2011 నాటికి ఒక కోటీ 67 లక్షలు దాటింది. 1960లో ఇళ్ళు ఎక్కువగా ఒకటీ రెండంతస్తుల ఇటుక ఇళ్ళు. ఇవాళ అదే నేల మీద గల్లీ గల్లీకీ ఐదంతస్తులు, కింద ఖాళీగా పార్కింగు.

పెద్దది దూరంగా రావడం, చిన్నది కాళ్ళ కింద రావడం, ఈ రెంటిలో ఏది ఎక్కువ ప్రమాదమో చెప్పడానికి న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అనే ఊరుంది. 2010 సెప్టెంబరులో ఆ ఊరికి పడమరగా, పొలాల కింద 7.1 తీవ్రతతో వచ్చింది. తెల్లవారుజాము, జనం ఇళ్ళల్లో ఉన్నారు, కూలి చచ్చిపోయినవాళ్ళు లేరు. గండం గడిచిందనుకున్నారు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం ఊరి అంచునే, అంతకు ముందు ఎవరికీ తెలియని పగులు మీద వచ్చింది. తీవ్రత 6 చిల్లరే. 185 మంది చనిపోయారు. మనకన్నా జాగ్రత్తగా ఇళ్ళు కట్టుకునే దేశంలో!

ఇంకో సంగతి, నేల. రిడ్జి మీద గట్టి రాయి. యమున వైపు పోతే వందల అడుగుల ఒండ్రు. ఒకే భూకంపం రెండు పేటల్లో రెండు రకాలుగా ఆడిస్తుంది. మెత్తటి నేల కుదుపును పెంచుతుంది. ఇసుకా నీళ్ళూ కలిసి ఉన్నచోట నేల కాసేపు బురద అయిపోతుంది. నాట్లు వేసే మడిలో నిలబడి కాళ్ళు ఆడిస్తే ఎలా దిగబడతామో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇంటి పునాదికీ అంతే. ఏ పేట నేల ఎలాంటిదో ప్రభుత్వం వారు మ్యాపులు తయారుచేయించారు. ప్లాటు కొనేటప్పుడు వాస్తు చూసే మనం ఆ మ్యాపు ఎప్పుడైనా చూసామా?

సరే, ఇక నేను చూసింది. 2001 జనవరి 26. మా యూనిట్ రాజస్థాన్‌లో ఉంది. నేను హవల్దారుని. జెండా వందనానికి ఫాలిన్ అయి ఉన్నాం. 8 గంటల 46 నిమిషాలకు మాకు కూడా నేల ఊగింది. సాయంత్రానికి మూవ్ ఆర్డరు వచ్చింది. కచ్ చేరాక చూసినవన్నీ ఇక్కడ పిల్లల ముందు చెప్పను. అంజార్‌లో బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు వీధుల్లో ఊరేగింపుగా పోతుంటే రెండు వైపుల ఇళ్ళూ వాళ్ళ మీద పడ్డాయి. భుజ్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో మన వాయుసేన సోదరులు, వాళ్ళ కుటుంబాలు క్వార్టర్ల కింద పోయారు. గుజరాత్ ప్రభుత్వం లెక్కలోనే చనిపోయినవాళ్ళు 13,800 దాటారు.

నా సెక్షన్‌ని ఒక బిల్డింగు దగ్గర పెట్టారు. చూస్తే నాలుగంతస్తులది, పెద్దగా చెడలేదు. కిటికీ అద్దాలు కూడా కొన్ని అలాగే ఉన్నాయి. నేను, "ఇక్కడేం పనుంది సాబ్?" అన్నాను. మా సుబేదార్ సాబ్ తమిళాయన, చాలా నెమ్మది మనిషి. "తంబీ, గేటు ఎక్కడుందో చూడు" అన్నారు. గేటు లేదు. అది నాలుగంతస్తులది కాదు, ఐదంతస్తులది. కింది అంతస్తు పార్కింగు. అది మొత్తంగా అణిగిపోయి, పైన నాలుగూ చెక్కుచెదరకుండా దిగి నేల మీద కూర్చున్నాయి. పైవాళ్ళు చాలామంది బాల్కనీల నుంచి దిగి బతికారు. పార్కింగులో ఓ మూల గది వేసుకుని ఉన్న వాచ్‌మన్ కుటుంబం కింద ఉండిపోయింది. రెండు రోజులు జాకీలు, గునపాలు, గ్యాస్ కట్టరుతో పనిచేసాం. గంటకోసారి అందరం పని ఆపి, ఊపిరి బిగబట్టి, చెవి పెట్టి వినేవాళ్ళం. ఎవరూ పలకలేదు. ముందు ఒక చిన్న సైకిలు బయటకు వచ్చింది.

ఆ రోజు సుబేదార్ సాబ్ విరిగిన పిల్లరు దగ్గర కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పారు. పిల్లరులో నిలువు కడ్డీలు ఉంటాయి, వాటి చుట్టూ రింగులు ఉంటాయి. మన హోల్డాలు ఉంది కదా, పరుపు ఎంత మంచిదైనా బెల్టు బిగించకపోతే ప్లాట్‌ఫారం మీద విప్పుకుపోతుంది. రింగు పిల్లరుకు బెల్టు. రింగు కొసలు లోపలికి బాగా వంచి, కాంక్రీటులోకి కొక్కెంలా దిగి ఉండాలి. కోడులో 135 డిగ్రీలు అని 1993లోనే రాసారు. మేస్త్రీలు పని తొందరలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. నేల ఆడినపుడు పైపెచ్చు రాలిపోతుంది, కొక్కెం విచ్చుకుంటుంది, కడ్డీలు పొట్ట ఉబ్బినట్టు బయటకు వస్తాయి, పిల్లరు కూలుతుంది. పైన అంతస్తుల్లో గోడలున్నాయి కాబట్టి అది పెట్టెలా గట్టిగా ఉంటుంది. కింద గోడల్లేవు. ఊపు అంతా ఆ ఉత్త పిల్లర్ల మీదే పడుతుంది.

ఇదిగో, ఇది ఆ పిల్లరు రింగే. విచ్చుకున్న కొసలు చూడండి. ఒకరి చేతి నుంచి ఒకరికి పంపండి, పిల్లలు జాగ్రత్త, తుప్పు పట్టింది. నా నల్ల ట్రంకులో ఏ పోస్టింగుకు పోయినా నాతోనే వచ్చింది.

ఆ బిల్డింగు భూకంప కేంద్రానికి దగ్గరలోది. అహ్మదాబాద్ మాటేమిటి? కేంద్రానికి 200 కిలోమీటర్ల పైన దూరం. అక్కడ కూడా డెబ్బయి దాకా బహుళ అంతస్తుల బిల్డింగులు కూలి ఏడువందల మందికి పైగా పోయారు. చాలావాటికి ఇదే జబ్బు, కింద ఖాళీ. ఆ మరుసటి ఏడాది 2002లో వచ్చిన కోడులో, కింద ఖాళీగా వదిలితే ఆ అంతస్తు పిల్లర్లను, బీములను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి లెక్కకట్టాలని రాసారు. ఢిల్లీ నాలుగో జోను అని అదే పుస్తకంలో ఉంది. రాయడం వరకు అంతా సక్రమంగానే ఉంది.

ఇప్పుడు నా తప్పు. 2018లో పింఛను మీద వచ్చాక గ్రాచ్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు కలిపి పాలం వైపు ఒక కాలనీలో ఫ్లోరు కొన్నాను. అరవై గజాల ప్లాటు, కింద పార్కింగు, పైన నాలుగు. మాది రెండోది. కొనేముందు ఏమేం చూసానో చెప్పమంటారా? తూర్పు ముఖమా, నీళ్ళు ఎన్నిగంటలొస్తాయి, క్యాంటీన్ ఎంత దూరం, ఈసీహెచ్ఎస్ ఎంత దూరం. కాగితాలు ఇద్దరు వకీళ్ళకు చూపించాను. మా ఆవిడ మాత్రం అడిగింది, "మీరు ఇంజనీర్లలో చేసారు కదా, ఇల్లు గట్టిదేనా?" అని. "కొత్త బిల్డింగే" అన్నాను. ఆ రింగు ఉన్న ట్రంకు ఆ ఇంట్లోకే ఎక్కించాను. ఏడేళ్ళు ఒక్కసారి కిందికి దిగి పిల్లర్లను పరీక్షగా చూడలేదు.

ఫిబ్రవరి 17న తెల్లవారాక టార్చి పట్టుకుని దిగాను. ఎనిమిది పిల్లర్లు. రెండింటికి పైన, బీము కలిసేచోట, వెంట్రుక వాసి పగులు. పాతదో కొత్తదో తెలియదు. అందరికీ చెప్పి, ఒక పిల్లరు పైపెచ్చు జానెడు మేర ఊడదీసాను. రింగులు అడుగుకొకటి. కొసలు 90 డిగ్రీలు. సుబేదార్ సాబ్ పక్కన నిలబడి "తంబీ" అన్నట్టే అయింది. కట్టినాయనకు ఫోను చేస్తే, "ఈ కాలనీలో అందరికీ ఇలాగే కట్టాను సాబ్, మీకొక్కరికే వచ్చిందా భూకంపం?" అన్నాడు. ఆ మాట నిజమే. అందుకే భయం.

తెలిసిన ఇంజనీరు గారిని తీసుకొచ్చాను. ఆయన చూసి, చేయొచ్చన్నారు. పిల్లర్ల చుట్టూ కొత్త కడ్డీలు, దగ్గర దగ్గరగా రింగులు వేసి కాంక్రీటు తొడుగు వేయాలి. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య కొన్నిచోట్ల, నిలువూ అడ్డమూ రెండు దిక్కులా, గోడలు కట్టాలి. మొత్తం ఆరు లక్షల దాకా. నాలుగు ఇళ్ళకు తలా లక్షన్నర. ఇద్దరం వెంటనే ఒప్పుకున్నాం. మూడో ఆయన అద్దెకిచ్చి వేరే ఊళ్ళో ఉంటారు, డబ్బు పంపుతానన్నారు. నాలుగో ఆయన ఒప్పుకోలేదు. ఆయనా ఫౌజీయే, మన రాష్ట్రం కాదు. గోడ కడితే ఆయన కారు పట్టదు. పోనీ మా ముగ్గురి డబ్బుతో మా వైపు పిల్లర్లయినా చేద్దామన్నాను. ఇంజనీరు గారు అసలు వద్దన్నారు. ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంటే నేల ఆడినపుడు ఇల్లు మెలి తిరుగుతుందట. ఇప్పుడున్నదానికన్నా చెడ్డ. చేస్తే మొత్తం చేయాలి, లేకపోతే లేదు.

2025 జులై 10 పొద్దున 9 దాటాక ఝజ్జర్‌లో 4.4 వచ్చింది, గుర్తుందా? ఆ సాయంత్రం నాలుగో ఆయనే పైకి వచ్చి, "సాబ్, ఇంజనీరును మళ్ళీ పిలవండి" అన్నారు. సంతోషించాను. ఆయన వచ్చేసరికి పదిరోజులు పట్టింది. అప్పటికి భయం చల్లారిపోయింది. "చూద్దాం, దీపావళి కానీయండి" అన్నారు. ఇవాళ్టికీ అక్కడే ఉంది. మా పార్కింగులో పగలంతా ఒక ఇస్త్రీ అతను, భార్య బండి పెట్టుకుని ఉంటారు. వాళ్ళ పాప అక్కడే ఆడుకుంటుంది. వాళ్ళను బండి అవతలి ఖాళీ ప్లాటు అంచుకు జరుపుకోమన్నాను. ఎండాకాలం అక్కడ నీడ లేదు, మళ్ళీ లోపలికే వచ్చారు.

మీలో చాలామంది అనధికార కాలనీల్లో ఉంటున్నారు. 2019లో కేంద్రం 1,731 కాలనీల వాళ్ళకు యాజమాన్య హక్కులిచ్చే పథకం తెచ్చింది, మంచి పని. కానీ ఆ కాగితం స్థలం మీదని చెబుతుంది, పిల్లరు గట్టిదని చెప్పదు. 2010 నవంబరులో లక్ష్మీనగర్ లలితా పార్కులో ఐదంతస్తుల ఇల్లు భూకంపం లేకుండానే కూలి అరవై మందికి పైగా పోయారు. అంత నాసిరకం కట్టడాలకు పగులు కదలాల్సిన పనే లేదు.

"మేం పింఛను తరువాత మన ఊరు పోతాం, అక్కడ భూకంపాల్లేవు" అనేవాళ్ళకు కూడా ఒక మాట. 1967 మార్చిలో ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 వచ్చాయి. ఆ చివరిది హైదరాబాదులో కూడా తెలిసింది. అదే డిసెంబరులో మా ముండ్లమూరు, తాళ్ళూరు వైపు జనం వరసగా రెండు మూడు రోజులు ఇళ్ళల్లోంచి బయటకు పరుగులు తీసారు. 1993లో లాతూరు వైపు కిల్లారి, అప్పటి మ్యాపులో అన్నిటికన్నా భద్రమైన ఒకటో జోను. వినాయక నిమజ్జనం చేసి పడుకున్న రాత్రి సుమారు పదివేల మంది పోయారు. మ్యాపు చూసి ధైర్యం తెచ్చుకోవద్దని అంతకంటే ఎలా చెప్పను? ఊళ్ళో ఇల్లు కట్టేవాళ్ళు రింగులు కట్టే రోజు దగ్గరుండి చూడండి. స్లాబు వేసే రోజు భోజనాలు పెడతాం, బట్టలు పెడతాం, రింగులు కట్టే రోజు మాత్రం ఎవరూ ఉండరు. పిల్లరు పైనా కిందా, బీము కలిసేచోట, రింగులు నాలుగంగుళాలకొకటి ఉండాలి. కొస లోపలికి వంగాలి. అలా కట్టించడానికి అయ్యే అదనపు ఖర్చు గేటుకు పెట్టే ఖర్చంత ఉండదు.

ఇప్పుడున్న ఇళ్ళల్లో వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన ఫౌజీ ఇళ్ళల్లో నల్ల ట్రంకులు ఎక్కడుంటాయి? అటక మీద, సరిగ్గా మంచానికి పైన. ఇవాళే దింపండి. బీరువాను గోడకు బిగించండి. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. నాలుగిళ్ళ ట్యాంకులూ ఒకే మూల పెట్టకండి. అదిరినపుడు మెట్ల మీదికి, లిఫ్టులోకి పరుగెత్తకండి. గట్టి బల్ల కిందికి దూరి తల కాచుకోండి, ఆగాక గ్యాస్ ఆపి దిగండి. కింది అంతస్తులో గుమ్మం పక్కనే ఉన్నవాళ్ళు బయటపడగలిగితే పడండి, కానీ మన గల్లీల వెడల్పెంత? అంజార్ పిల్లలు ఉన్నది ఆరుబయటే.

నేను మా కాలనీలో ఆదివారాలు పిల్లర్లు చూడటం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు బిల్డింగులు చూసాను. నా దగ్గర డిగ్రీ లేదు, సర్టిఫికెట్ ఇవ్వలేను. టార్చి, సుత్తి, టేపు ఉన్నాయి. అనుమానం ఉంటే ఇంజనీరును పిలవమని చెప్పగలను, అంతే. పిలిచినవాళ్ళింటికి వస్తాను, టీ ఇస్తే చాలు. ద్వారక, సాగర్‌పూర్, మహావీర్ ఎన్‌క్లేవ్ వైపు ఉన్నవాళ్ళు భోజనాల దగ్గర పేరు, బిల్డింగులో ఎన్ని ఇళ్ళున్నాయో రాసి ఇవ్వండి. మీ కింద, పైన ఉన్నవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టండి, ఒక్కరి ఇల్లు చూసి లాభం లేదని నా సంగతి విన్నారు కదా.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. రింగు వెనక వరసలో ఆగిపోయినట్టుంది, ముందుకు పంపించండి. జైహింద్.